శాంతి నిధికి దరఖాస్తు రాసే ముందు

యుద్ధం ఆగిన దేశాల్లో పనిచేసే చిన్న సంస్థలకు దరఖాస్తులు రాసిపెడుతుంటాను. అందరికీ మొదట చెప్పేది ఒకటే: డబ్బు ఏ దారిన వస్తుందో తెలుసుకోండి. ఐక్యరాజ్యసమితి శాంతి నిర్మాణ నిధి 2006లో మొదలైంది. తొలి సాయం బురుండి, సియెర్రా లియోన్‌లకు అందింది. ఇందులో ఎక్కువ సొమ్ము ఐరాస సంస్థల ద్వారానే నడుస్తుంది. కాబట్టి ముందు మీ దేశంలోని ఐరాస కార్యాలయానికి వెళ్లి, భాగస్వామిగా చేరే వీలుందేమో అడగండి. మహిళలు, యువత కోసం పెట్టిన విభాగం పౌర సంస్థలకు నేరుగా కూడా నిధులిచ్చింది. దరఖాస్తులు పిలుస్తూ ఆ విభాగం ఇచ్చే ప్రకటనల మీద ఓ కన్నేసి ఉంచండి.

ఇక అసలు పని. "బావి తవ్వుతాం" అని రాస్తే అది అభివృద్ధి పని. ఆ బావి దగ్గర ఎవరికి ఎవరితో పడదు, నీళ్ల వంతు ఎవరు తేలుస్తారు, తిరిగొచ్చిన శరణార్థులకు కమిటీలో చోటుందా, ఇవన్నీ రాస్తేనే శాంతి పని. ఒకసారి ఈ భాగమంతా ఆఫీసులో కూర్చునే రాశాను. ఊళ్లో ఆడవాళ్లకు చదివి వినిపిస్తే, "గొడవ బావి దగ్గర కాదు, బావికి వెళ్లే దారిలో" అన్నారు. మొత్తం తిరగరాశాం.

బడ్జెట్‌లో సమావేశాలకు వచ్చేవాళ్ల దారి ఖర్చులు, పసిపిల్లల్ని చూసుకునే మనిషికి కూలి తప్పకుండా చూపించండి. అవి లేకపోతే తల్లులు రాలేరు.

ఈ నిధిలోని తక్షణ సాయం విభాగం కింద వచ్చే ప్రాజెక్టులకు గడువు తక్కువ. డబ్బు అయిపోయాక కమిటీని ఎవరు నడుపుతారో దరఖాస్తులోనే రాయండి.