వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ నేర్చుకుందాం – 4వ పాఠం: గీతలు కాదు, అంకెలు చూడండి

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క. 3.5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవెంత? 30ని గిగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే జవాబు సెంటీమీటర్లలో వస్తుంది: సుమారు 8.6. అదే 7 గిగాహెర్ట్జ్ అయితే 4.3. ఈ రెండూ గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తాయి.

ఇవాళ సిగ్నల్ చదవడం. ఫోన్ పైన కనిపించే గీతల్ని ఇక పట్టించుకోకండి. పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లు వేర్వేరు గీతలు చూపించడం నేను చాలాసార్లు చూశాను. 4జీ, 5జీ రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరిస్తే రెండు అంకెలుంటాయి. మనకు కావాల్సినవి అవి.

మొదటిది ఆర్‌ఎస్‌ఆర్‌పీ, అంటే టవర్ సిగ్నల్ బలం. మైనస్‌లో ఉంటుంది. -80 అయితే భేష్, -100 పర్వాలేదు, -115 కన్నా కిందికి పోతే కష్టం. ఈ తేడాల్ని డెసిబెల్స్‌లో, పొట్టిగా డీబీల్లో కొలుస్తారు: 3 తగ్గితే సగానికి పడిపోయినట్టు, 10 తగ్గితే పదో వంతుకు. అంటే -90కీ -110కీ తేడా వంద రెట్లు. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

రెండోది ఎస్‌ఐఎన్‌ఆర్. మనకు కావాల్సిన సిగ్నల్ చుట్టూ ఉన్న రొదకన్నా ఎంత పైన ఉందో చెబుతుంది. 20 ఉంటే హాయి. సున్నాకి దిగితే స్పీడు బాగా పడిపోతుంది. నన్నడిగితే ముందు చూడాల్సింది దీన్నే.

ఉదాహరణకి, గది మధ్య బల్లమీద పెట్టిన రౌటర్ ఆర్‌ఎస్‌ఆర్‌పీ -92, ఎస్‌ఐఎన్‌ఆర్ 4 చూపిస్తోందనుకోండి. దాన్ని ఒక మూల కిటికీలోకి జరిపితే -97, 17 వచ్చాయి. సిగ్నల్ మూడో వంతుకు పడిపోయింది, స్పీడు మాత్రం పెరిగింది! బల్ల దగ్గర రెండు టవర్లు దాదాపు సమానంగా వినబడుతున్నాయి. ఇద్దరు చెరో చెవిలో ఒకేసారి మాట్లాడితే ఏం అర్థమవుతుంది? మూలకి వెళ్లేసరికి గోడ అడ్డొచ్చి రెండో టవర్ నోరు మూయించింది. గోడల్ని ప్రతిసారీ తిట్టుకోనక్కర్లేదన్నమాట.

6జీ వస్తోందిగా, ఇప్పుడివన్నీ ఎందుకు అంటారా? వస్తోంది కాబట్టే. ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ దానికి పెట్టిన పేరు ఐఎంటీ-2030. 7.125 నుంచి 8.4 గిగాహెర్ట్జ్ దాకా ఉన్న బ్యాండ్‌ని మొబైల్‌కి ఇవ్వాలా వద్దా అన్నది 2027 ప్రపంచ రేడియో సమావేశం ముందుకొస్తుంది. యాంటెన్నాలు అదే రకానివైతే, ఫ్రీక్వెన్సీ రెట్టింపైనప్పుడల్లా 6 డీబీ పోతుంది, నాలుగో వంతే మిగులుతుంది. గోడలు మింగేది దీనికి అదనం.

మరి నడిచేదెలా? ఇందాకటి పొడవులు చూడండి. తరంగం సగమైతే యాంటెన్నా కూడా సగమే, కాబట్టి అదే పలక మీద నాలుగు రెట్లు యాంటెన్నాలు పడతాయి. వాటన్నిటితో కలిపి సిగ్నల్‌ని టార్చిలైటులా మీవైపు తిప్పుతారు. పోయిన 6 డీబీ అలా తిరిగొస్తుంది. గోడ మింగింది మాత్రం రాదు. అందుకే రౌటర్‌కి చోటు వెతకడం ఇప్పటినుంచే చేతికి అలవాటు కావాలి.

ఇంటిపని: రౌటర్‌ని మూడు చోట్ల పెట్టి, ఒక్కోచోట రెండు నిమిషాలాగి, రెండు అంకెలూ, స్పీడూ రాసుకోండి. రాత్రి మళ్లీ చూడండి. అంకెలు అలాగే ఉండి స్పీడొక్కటే పడిపోతే, తేడా మీ రౌటర్‌లో లేదు, టవర్ దగ్గర రద్దీలో ఉందనుకోవచ్చు. ఆ సంగతి 5వ పాఠంలో.