ఖిపు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: దారాల మీద సైన్యం

దక్షిణ అమెరికాలో రాజ్యమేలిన ఇన్కాల ముడుల లెక్క అయిన ఖిపు నిర్మాణాన్ని గత పాఠంలో చూశాం. అడ్డంగా పట్టుకొనే మూల తాడు, దానికి వరుసగా కట్టి కిందికి వేలాడదీసిన దారాలు, వాటి మీద ముడులు ఉంటాయి. ఈ పాఠంలో ఆ ముడులను అంకెలుగా చదవడం నేర్చుకుంటాం. అభ్యాసానికి సైన్యం లెక్కలను ఎంచుకున్నాను. ఇన్కా సమాజంలో యుద్ధానికి ఉన్న స్థానం రాజుల విజయగాథలలో కన్నా ఈ లెక్కలలోనే స్పష్టంగా తెలుస్తుందని నా నమ్మకం. ఒక మూర పొడవున్న పురికొసను మూల తాడుగా, జానెడున్నర ముక్కలు తొమ్మిదింటిని వేలాడే దారాలుగా సిద్ధం చేసుకుని చదవండి. ముడి వేయకుండా ఈ విద్య చేతికి రాదు.

ఈ అంకెల పద్ధతిని 1912లో అమెరికన్ పరిశోధకుడు లిలాండ్ లాక్ వివరించాడు. ఇది మనం వాడే దశాంశ పద్ధతే. దారం అడుగు భాగం ఒకట్ల స్థానం. దాని పైన పదులు, ఆ పైన వందలు, మూల తాడుకు దగ్గరగా వేలు ఉంటాయి. పదుల నుంచి పైన ఉన్న ప్రతి స్థానంలోనూ ఎంత అంకె అయితే అన్ని మామూలు ముడులను పక్కపక్కనే వేస్తారు. సున్న ఉంటే ఆ స్థానాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఒకట్ల స్థానంలో మాత్రం పద్ధతి మారుతుంది. అక్కడ ఒకే ముడి వేసి, అంకెను దాని చుట్లతో చూపిస్తారు. దారం కొనను ఉచ్చులో నుంచి ఒకసారికి బదులు నాలుగుసార్లు తిప్పి లాగండి, నాలుగు చుట్ల పొడవు ముడి వస్తుంది, అది నాలుగు. ఒక్క చుట్టుతో పొడవు ముడి వేయబోతే అది మామూలు ముడే అవుతుంది, పదుల ముడికీ దానికీ తేడా తెలియదు. అందువల్ల ఒకటిని చూపడానికి 8 అంకె ఆకారంలో మెలితిప్పిన వేరే ముడిని వాడారు. ఈ ఏర్పాటు వల్ల పొడవు ముడి గాని, 8 ఆకారపు ముడి గాని కనబడితే సంఖ్య అక్కడితో పూర్తయిందని చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు 4,108ని వేయండి. మూల తాడుకు దగ్గరగా నాలుగు మామూలు ముడులు, కొంత కిందికి ఒక మామూలు ముడి, తరువాత పదుల చోట ఖాళీ, అడుగున ఎనిమిది చుట్ల పొడవు ముడి రావాలి.

ఈ సంఖ్యను నేను ఊహించి ఇవ్వలేదు. పెరూలోని హువానుకో ప్రాంతంలో నివసించిన చుపాచు జనం, ఇన్కాల కాలంలో తాము చేసిన సేవల లెక్కను 1549లో స్పానిష్ అధికారులకు ఖిపు ఆధారంగా చెప్పారు. ఆ ఖిపు మిగలలేదు గాని, అధికారులు రాసుకున్న పత్రం మిగిలింది. 4,108 అనేది అందులోని కుటుంబాల సంఖ్య. ఇన్కాలు ప్రజలను పది, వంద, వెయ్యి, పదివేల కుటుంబాల కట్టలుగా లెక్కించేవారు. కెచువా భాషలో వాటికి చుంకా, పచాకా, వరంకా, హునూ అని పేర్లు. కాబట్టి చుపాచులంటే నాలుగు వరంకాలు, అంటే నలభై పచాకాలు. ఈ నలభైని గుర్తుపెట్టుకోండి, ముందున్న లెక్కలకు తాళంచెవి ఇదే.

ఆ పత్రంలో సైన్యానికి సంబంధించిన మూడు అంకెలను మూడు దారాల మీద వేద్దాం. ఉత్తర పెరూలోని చాచాపోయాస్‌లో కాపలాకు 200 మంది, నేటి ఈక్వడార్ రాజధాని కీటోలో కాపలాకు 200 మంది, ఇన్కా చక్రవర్తి వెంట యుద్ధాలకు వెళ్లడానికి, ఆయన పల్లకీ మోయడానికి 500 మంది. మొదటి రెండు దారాలకూ వందల చోట రెండేసి ముడులు, మూడవదానికి ఐదు ముడులు వేసి, కింది రెండు స్థానాలనూ ఖాళీగా వదలండి. ఇక్కడే కొత్తవారు పొరపడతారు. అడుగున ఏమీ లేనప్పుడు ఆ ముడులు వందలో పదులో ఎలా తెలుస్తుంది? దారాన్ని విడిగా చదవకూడదు. ఒకట్ల ముడి ఉన్న పక్క దారాన్ని ఆనవాలుగా పెట్టుకుని, ఏ ముడులు ఏ ఎత్తులో ఉన్నాయో సరిచూడాలి. మీరు ముందుగా వేసిన 4,108 దారాన్ని పక్కన కట్టుకోవడం అందుకే.

ఇక అర్థాన్ని చదువుదాం. 200ను నలభైతో భాగిస్తే ఐదు వస్తుంది, అంటే ప్రతి వంద కుటుంబాల నుంచి ఒక్కొక్క చోటి కాపలాకు ఐదుగురు వెళ్లారు. 500 నలభైకి సరిగ్గా భాగం కాదు, సుమారుగా ఎనిమిది కుటుంబాలకు ఒకరు. మూడు దారాలనూ కలిపితే 900, అంటే మొత్తం కుటుంబాలలో ఐదో వంతుకు పైగా. హువానుకో నుంచి కీటోకు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది. అంత దూరానికి నడిచి వెళ్లినవారిలో ఎక్కువమంది పొలం పని చేసుకునే సంసారులు. యుద్ధం వారికి వంతు పని, ఆ వంతు సేవకే మిత అని పేరు. ఒక్కొక్క జాతివారు తమ కురాకా, అంటే తమ నాయకుడి కిందే, తమకు అలవాటైన ఆయుధాలతోనే పోరాడేవారు.

అదే పత్రంలో మేలురకం బట్ట నేయడానికి 400 మంది, చెప్పుల అట్టలు చేయడానికి 40 మంది అని కూడా ఉంది. వీటిని కూడా దారాల మీద వేయండి. ఆ రెండు చోట్లా కలిపి కాపలాకు ఎంతమందో, నేతకు కూడా అంతమందే. నాకు ఈ లెక్క మొత్తంలో అన్నిటికన్నా విలువైన విషయం ఇదే. ఇన్కా రాజ్యంలో బట్ట జీతం వంటిది, బిరుదు వంటిది. సైనికులకు గిడ్డంగుల నుంచి దుస్తులు ఇచ్చేవారు, పరాక్రమం చూపినవారిని, లొంగిన నాయకులను మేలురకం వస్త్రంతో సత్కరించేవారు. సుమారు 1615లో పెరూ స్థానిక రచయిత గ్వామన్ పోమా తన వృత్తాంతంలో పురుషుల వయోవర్గాలలో యోధులను, స్త్రీల వయోవర్గాలలో నేతగత్తెలను మొదటి స్థానంలో నిలిపాడు. కత్తిని మాత్రమే చూసేవారికి ఈ జోడింపు అంతుపట్టదు. దారాలను వరుసగా చదివినవారికి అది సహజంగా తోస్తుంది.

ఇన్కాల రాజధాని కుస్కోలోని కులీనుల కుమారులకు మాత్రం యుద్ధం వంతు పని మాత్రమే కాదు. వరాచికుయ్ అనే క్రతువులో పరుగుపందేలు, ఉపవాసాలు పూర్తిచేసిన తరువాత చెవులు కుట్టి, గోచీని, వడిసెలను ఇచ్చి వారిని పురుషులుగా అంగీకరించేవారు. ఈ గౌరవం చుపాచుల దారాల మీద కనిపించదు, కనిపించనవసరం లేదు. ఖిపులో లెక్కకు వచ్చినది సామాన్యుని శ్రమ.

కొన్ని ఖిపులలో కొన్ని దారాల మొత్తాన్ని చూపే దారాన్ని మూల తాడుకు పై వైపుగా కడతారు. మీ మూడు సైన్యపు దారాలకూ అటువంటి మొత్తపు దారాన్ని కట్టి, వందల చోట తొమ్మిది ముడులు వేయండి. తరువాతి పాఠానికి ముందు ఇంకో రెండు పనులు చేయండి. హువానుకో సత్రం కాపలాకు చెప్పిన 68 మందిని ఒక దారం మీద, బంగారం తవ్వడానికి పంపిన 120 మందిని మరొక దారం మీద వేసి, 120ని నలభైతో భాగించి పచాకాకు ఎంతమందో రాసుకోండి. ఆ తరువాత ముడులను మీ ఇంట్లో ఎవరిచేతనైనా వేయించుకుని, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చదవండి. పొడవు ముడి చుట్లు వేలికి విడివిడిగా తగిలేదాకా అభ్యాసం మానవద్దు.