సన్నదు (లాయరుగా ప్రాక్టీసు చేసే అనుమతి) వచ్చాక మొదటి మూడేళ్లు ఎలా వాడుకోవాలి?

లా పూర్తవగానే కోచింగ్‌లో కూర్చుని జడ్జి అయిపోదామంటే ఇప్పుడు కుదరదు. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసును మళ్లీ తప్పనిసరి చేసింది. ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదించే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) పోస్టులకూ మూడేళ్లు అడుగుతారు. అందుకే గుంటూరులో నా ఆఫీసుకు వచ్చే జూనియర్లకు ఒకటే చెబుతాను: చివరికి ఏ దారి పట్టినా, ముందు ట్రయల్ కోర్టులో మూడేళ్లు గట్టిగా పనిచేయండి.

బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ ఆలస్యం చేయకండి. అనుభవం ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కకొస్తుంది. 2024 జులై సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125. అంతకు మించి అడగకూడదు. ఏఐబీఈ (ఆలిండియా బార్ పరీక్ష) రెండేళ్లలో పాసవ్వాలి. బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకాలు) చూసి రాయొచ్చు గానీ, ఏ సెక్షన్ ఎక్కడుందో వేళ్లకు తెలిసుండాలి.

సీనియర్ పేరు కన్నా ఆఫీసులో ఏం పని జరుగుతుందో చూసుకుని చేరండి. మా జిల్లాల్లో అన్నం పెట్టేది భూమి కేసులే. పార్టీషన్ సూటు (ఆస్తి పంపకాల దావా) కట్ట విప్పి, లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు) సంవత్సరాల వారీగా పేర్చండి. ఈసీతో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), రెవెన్యూ రికార్డులైన అడంగల్‌తో, 1-బీతో సరిపోల్చండి. వంశవృక్షం మీ చేత్తో గీయండి. మైనర్ వాటాను కోర్టు అనుమతి లేకుండా అమ్మారా? కూతురి వాటా వదిలేశారా? కూతుళ్ల హక్కుకు మన రాష్ట్రం 1986లోనే సవరణ తెచ్చింది, కేంద్రం 2005లో తెచ్చింది. హక్కు దానిమీదా ఆధారపడొచ్చు కాబట్టి ఆమె పెళ్లి తేదీతో సహా చూడాలి. ఇది నేర్చినవాళ్లకు బ్యాంకు ప్యానెల్ ఒపీనియన్లు, బిల్డర్ల టైటిల్ (యాజమాన్య హక్కు) రిపోర్టులు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) కేసులు వాటంతటవే వస్తాయి. నేను నిలదొక్కుకున్నది ఈ పనితోనే.

క్రిమినల్ వైపు ఆసక్తి ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ నోటీసు బోర్డు చూస్తుండండి. లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే అసిస్టెంట్ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పోస్టులు అక్కడే పడతాయి.

హైదరాబాద్ కంపెనీల్లో కాంట్రాక్టుల పని ఉంది, 2023 డేటా రక్షణ చట్టంతో కొత్త పనీ పుట్టింది. కానీ పూర్తికాలం జీతానికి చేరితే సన్నదు సస్పెండ్ చేయించుకోవాలి. కోర్టుకు రాని ఆ కాలాన్ని ప్రాక్టీసుగా చూపించలేరు.

డబ్బు సంగతి మొదటిరోజే మాట్లాడండి. జూనియర్లకు పట్టణాల్లో 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. సూచనే కాబట్టి చాలాచోట్ల అమలు లేదు. ఇంట్లో లాయర్లెవరూ లేని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బస్సు ఛార్జీలకూ లేక బార్ వదిలేస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. సీనియర్లు ఇవ్వాలి, మీరూ అడగాలి.

రుజువులు దాచండి. వకాల్తాలో (క్లయింటు లాయరుకు ఇచ్చే అధికార పత్రం) మీ పేరు ఉండేలా చూసుకోండి. ప్రతి కేసు సీఎన్ఆర్ నంబరు (కోర్టు కంప్యూటర్ రికార్డులో కేసు గుర్తింపు సంఖ్య), హాజరైన తేదీ, చేసిన పని పుస్తకంలో రాయండి. రేపు మీ ప్రాక్టీసుకు సర్టిఫికెట్ ఇవ్వాల్సింది పదేళ్ల అనుభవమున్న అడ్వకేటు. దానిమీద జ్యుడీషియల్ అధికారి ఎండార్స్‌మెంట్ (ధృవీకరణ) కావాలి. ఇద్దరూ ఆ పుస్తకమే అడుగుతారు.