తేలు కుట్టిన పిల్లలకు ముందు పాదాలు పట్టి చూడండి

దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఏఎన్‌ఎంగా పనిచేస్తున్నాను. ఎండలు ముదిరినా, తొలకరి పడినా తేలు కుట్టిన పిల్లలను ఎత్తుకొని తల్లులు వస్తుంటారు. అందరూ కుట్టిన చోటే చూపిస్తారు. నేను ముందు పాదాలు పట్టి చూస్తాను.

అది మా అన్న కొడుకు దగ్గర నేర్చుకున్నాను. నాలుగేళ్లవాడు. పత్తికట్టె మోపు పక్కన ఆడుతుంటే ఎర్రతేలు కుట్టింది. గుక్కపెట్టి ఏడ్చి కాసేపటికి ఊరుకున్నాడు. మంత్రం వేయించారు, నొప్పి దిగిందనుకున్నారు. నేను వెళ్లేసరికి రెండు గంటలైంది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది, నోటివెంట చొంగ, అప్పటికే రెండు వాంతులు. మే నెల ఎండలో వాడి పాదాలు కుండలో నీళ్లంత చల్లగా ఉన్నాయి.

నొప్పి తగ్గిందని నిమ్మళపడకండి. విషం ఒళ్లంతా పాకినప్పుడు రక్తనాళాలు బిగుసుకుంటాయి, అందుకే పాదాలు చల్లబడతాయి, బీపీ పెరుగుతుంది, గుండె అలిసిపోయి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. తేలు వదిలే విషం పెద్దవాళ్లకైనా పసివాళ్లకైనా అంతే, పసివాళ్ల ఒళ్లు చిన్నది. మగపిల్లల్లో అంగం గట్టిపడటం కూడా విషం ఎక్కిన గుర్తే, సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. నల్లటి మండ్రగబ్బను చూసి జడుసుకుంటాం గానీ, ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఆ చిన్న ఎర్రతేలే.

కుట్టిన టైమ్ గుర్తుపెట్టుకోండి. కుట్టిన చోట సబ్బుతో కడిగి, ఐసును బట్టలో చుట్టి పెట్టండి. తాడు కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, ఉల్లిగడ్డ రుద్దుతూ కూర్చోవద్దు. వాంతులవుతుంటే నోటికేమీ పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పిల్ల బాగానే కనిపించినా సరే, 108కి ఫోన్ చేసి దవాఖానకు తీసుకెళ్లండి.

అక్కడ ఇచ్చే ముఖ్యమైన మందు ప్రజోసిన్. మహారాష్ట్రలోని మహద్‌లో పనిచేసే డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో దీన్ని తేలుకాటుకు వాడి చూపించారు. కిలో బరువుకు 30 మైక్రోగ్రాములు, అంటే పది కిలోల పిల్లకు 0.3 మిల్లీగ్రాము. కాళ్లూ చేతులూ వెచ్చబడేదాకా మూడు గంటలకోసారి ఇస్తారు. దీనితోపాటు తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ కూడా ఇస్తే ఇంకా తొందరగా కోలుకుంటారని 2011లో వచ్చిన ఆయన అధ్యయనంలో తేలింది. ఆ ఇంజెక్షన్ అన్ని దవాఖానల్లో ఉండదు, ముందే అడిగి వెళ్లండి. ప్రజోసిన్ మాత్రం ఇంట్లో మీరే వేయకండి. అది బీపీని ఒక్కసారిగా దించేయగలదు, అందుకే వేశాక పిల్లను పడుకోబెట్టే ఉంచాలి.

ఆ రాత్రి దవాఖానలో వాడు ఏడుస్తుంటే మా అన్న ఎత్తుకోబోయాడు. నర్సమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. "ఏడవనీ అన్నా, లేపకు" అంది. మూడు గంటలకోసారి మందు, గంటకోసారి బీపీ. మధ్యమధ్యలో నేను పాదాలు తాకి చూస్తూనే ఉన్నాను. ముందు మడమలు, తెల్లవారుజామున వేళ్లు వెచ్చబడ్డాయి. అప్పుడుగానీ మా వదిన గుక్కెడు నీళ్లు తాగలేదు.