ఉప్పుగాలి ఊరిలో సైకిల్ విడిభాగాలు: చవకగా, సరళంగా ఎంచుకునే పద్ధతి

విశాఖపట్నంలో ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వైపు తరచూ తొక్కే సైకిలుకు చైను, కేబుళ్లు, బోల్టులు లోతట్టు ఊళ్లలోని సైకిళ్లకంటే చాలా త్వరగా తుప్పు పడతాయి. సముద్రం మీదినుంచి వచ్చే ఉప్పు తుంపర లోహం మీద వాలి, గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది కనుక వాన లేని రోజుల్లో కూడా తుప్పు ఆగదు. మామూలు ఉక్కుతో చేసిన భాగం ఎంత ఖరీదైనదైనా దీన్ని పూర్తిగా తప్పించుకోలేదు. అందువల్ల విశాఖపట్నంలో ఏ విడిభాగం కొనేటప్పుడైనా, అది పాడైతే వెనుకాడకుండా మార్చుకోగలమా, మన వీధిలోని సైకిల్ షాపులో దాన్ని బాగు చేయగలరా అని ముందుగా ఆలోచించుకోవాలి. ఈ రెండింటికీ సరిపోయేవి చాలావరకు తక్కువ ధరకు దొరికే సాదా భాగాలే.

ఖర్చు అన్నిటికంటే ఎక్కువగా పెరిగేది గేర్ల దగ్గర. వెనుక చక్రానికి పళ్ల చక్రాల సంఖ్య పెరిగినకొద్దీ వాటి మధ్య ఎడం తగ్గుతుంది, దానికి తగ్గట్టు చైను కూడా పలచబడుతుంది. వెనుక ఆరు, ఏడు, ఎనిమిది పళ్ల చక్రాలున్న సైకిళ్లన్నిటికీ సాధారణంగా ఒకే రకం చైను సరిపోతుంది; దాని బయటి వెడల్పు 7 మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. పదకొండు గేర్ల చైను వెడల్పు సుమారు 5.5 మిల్లీమీటర్లే. పలచని చైనుకు ధర ఎక్కువ, పైగా కేబులు కొద్దిగా బిగుసుకున్నా గేరు సరిగా పడదు. ఉప్పుగాలికి కేబుళ్లు బిగుసుకోవడం ఇక్కడ నిత్యం జరిగేదే కాబట్టి, కొంత తేడాను ఓర్చుకునే ఏడు లేదా ఎనిమిది గేర్ల అమరిక ఈ ఊరికి బాగా నప్పుతుంది.

కొండలున్న నగరంలో ఎక్కువ గేర్లు అవసరమని చాలామంది అనుకుంటారు. ఎత్తు ఎక్కడానికి తోడ్పడేది అన్నిటికంటే తేలికైన గేరు ఒక్కటే. మధ్యలో ఉండే గేర్లు ఎన్ని ఉన్నా అవి మెట్ల మధ్య తేడాను తగ్గిస్తాయి తప్ప కాలి భారాన్ని తగ్గించవు. ముందు మూడు పళ్ల చక్రాల్లో చిన్నది 24 పళ్లది, వెనుక పెద్దది 34 పళ్లది అయితే, పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రం సుమారు 0.7 చుట్టు తిరుగుతుంది. కైలాసగిరి రోడ్డుకైనా సింహాచలం ఘాట్ రోడ్డుకైనా మామూలు ఆరోగ్యం ఉన్నవారికి ఇది చక్కగా సరిపోతుంది. ఇప్పటికే 14–28 పళ్ల ఫ్రీవీల్ (వెనుక చక్రానికి మరతో బిగించే పళ్ల చక్రాల గుత్తి; చిన్నదానికి 14, పెద్దదానికి 28 పళ్లు) ఉన్నవారు సైకిలు మొత్తం మార్చనక్కరలేదు, 14–34 పళ్ల ఫ్రీవీల్ ఒక్కటి వేయించుకుంటే చాలు. అయితే వెనుక గేరు మార్చే యంత్రం 34 పళ్లను అందుకోగలదా, పాత చైను పొడవు చాలుతుందా అన్నవి బిగించేముందే చూడాలి. పొడవు చాలని చైనుతో పెద్ద పళ్ల చక్రం మీదికి గేరు వేస్తే ఆ యంత్రం విరిగిపోవచ్చు.

చైను ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడానికి అంగుళాల గుర్తులున్న ఉక్కు స్కేలు ఉంటే చాలు. చైను పిన్నుకు పిన్నుకు మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. కొత్త చైనులో ఒక పిన్ను నడిమిని సున్నా దగ్గర ఉంచితే ఇరవై నాలుగో లింకు చివరి పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీదికి వస్తుంది. అది ఆ గీతను అంగుళంలో పదహారో వంతు దాటిందంటే కొత్త చైను వేయించుకోవాలి. ఎనిమిదో వంతు దాకా ఉపేక్షిస్తే ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగిపోయి, తర్వాత వేసిన కొత్త చైను వాటి మీద జారుతుంది, అప్పుడు రెండూ మార్చక తప్పదు. సాదా చైనును సకాలంలో మార్చేవారికి ఒకే ఫ్రీవీల్ ఎన్నో చైన్ల కాలం వస్తుంది, నా దృష్టిలో అసలైన ఆదా ఇదే.

బీచ్ రోడ్డు నుంచి ఇంటికి వచ్చాక చైనును తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో లింకుకు ఒక్కో చుక్క చొప్పున పలచని నూనె వేసి, పైన మిగిలినదాన్ని తుడిచివేయాలి. నూనె ఎక్కువైతే ఇసుక అంటుకుని లోహాన్ని రాపిడి పెడుతుంది. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ వాడకూడదు, అందులో అరిగిన లోహపు రజను ఉంటుంది. కొబ్బరి నూనె కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది కాబట్టి అదీ పనికిరాదు.

బ్రేకుల విషయంలో సరళంగా ఉండేవాటిని కోరుకోవచ్చు, నాసిరకానికి మాత్రం ఒప్పుకోకూడదు. మెరుపు పూత ఉన్న ఉక్కు రిమ్ములు వానలో తడిసినప్పుడు బ్రేకు రబ్బర్లు జారిపోయి సైకిలు ఆగే దూరం ప్రమాదకరంగా పెరుగుతుంది. హనుమంతవాక దగ్గర వాలులో తడి రోడ్డు మీద దిగేవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు. అల్యూమినియం రిమ్ములు, వాటి మీద వి-బ్రేకులు (కేబులు లాగితే రెండు చేతులు రిమ్మును ఇరువైపులా రబ్బర్లతో నొక్కే రకం) తక్కువ ఖర్చుతో ఎంతో మెరుగ్గా పనిచేస్తాయి. నూనెతో నడిచే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులకు పట్టు ఎక్కువే, కాని వాటిలో గాలి చేరితే తీయడానికి ప్రత్యేకమైన పరికరాలు, ఆ బ్రేకుకు తగిన నూనె కావాలి, ఆ పని అన్ని షాపుల్లో జరగదు. వి-బ్రేకును ఒక స్క్రూడ్రైవరుతో, ఒక అలెన్ కీతో ఎవరైనా సర్దుకోవచ్చు. రబ్బర్లలో దిగబడిన ఇసుక రేణువులను పిన్నుతో తీసివేస్తుండాలి, లేకపోతే అవి రిమ్మును గీసి పలచబరుస్తాయి. షాపులో బ్రేకు చేతిని పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. కొత్తదే వదులుగా ఊగుతుంటే ఎంత తక్కువకు ఇచ్చినా కొనవద్దు.

కొద్దిగా ఎక్కువ పెట్టవలసిన చోట్లు కూడా ఉన్నాయి. బ్రేకు కేబుళ్ల లోపలి తీగ, చక్రాల చువ్వలు, బయటికి కనిపించే బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోవాలి, వాటి ధరలో తేడా స్వల్పం, మన్నికలో తేడా చాలా ఎక్కువ. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం సీటు గొట్టం ఉంటే ఉప్పు తేమ వల్ల రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి అది పూర్తిగా పట్టేసుకుంటుంది. ఆరు నెలలకొకసారి బయటికి తీసి గ్రీజు పూయడానికి ఖర్చే లేదు. చక్రాల ఇరుసుల్లో విడి గుండ్లుండే పాతకాలపు అమరికే మేలు. వెనుక చక్రంలో మామూలుగా ఒక్కో వైపు పావు అంగుళం గుండ్లు తొమ్మిది ఉంటాయి, వానాకాలం అయ్యాక వాటిని విప్పి, కడిగి, అరిగినవి మార్చి కొత్త గ్రీజు పెట్టించుకోవచ్చు. ట్యూబులు స్కూటరు రకం వాల్వు ఉన్నవి కొంటే పెట్రోల్ బంకులో కూడా గాలి పెట్టుకోవచ్చు.

శరీరం బరువు ఎక్కువగా ఉన్నవారు, గాజువాక, ఎన్‌ఏడీ వైపు రోజూ సరుకు కట్టుకుని వెళ్లేవారు ఫ్రీవీల్ విషయంలో ఒక మినహాయింపు గమనించాలి. మరతో బిగించే ఫ్రీవీల్ ఉన్న చక్రంలో కుడివైపు గుండ్లు లోపలికి ఉండడం వల్ల ఇరుసు కొంత భాగం ఆధారం లేకుండా ఉండి, భారానికి వంగవచ్చు. ఇరుసు మళ్లీమళ్లీ వంగుతుంటే ఎనిమిది గేర్ల క్యాసెట్ హబ్ (పళ్ల చక్రాలను మరతో కాక గాడుల్లో తొడిగే, కుడివైపు గుండ్లు ఇరుసు చివరి దగ్గర ఉండే చక్రపు నడిమి భాగం) తీసుకోవడమే చివరికి తక్కువ ఖర్చు, దానికి పాత రకం చైనే పనికొస్తుంది. ఏది కొన్నా పాత భాగాన్ని షాపుకు వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలి. ఫ్రీవీల్ అయితే దాన్ని విప్పే పరికరం తయారీదారును బట్టి మారుతుంది, మీ షాపువారి దగ్గర ఉన్న పరికరానికి సరిపోయేదే ఎంచుకోవాలి.