మన జొన్నను మనమే మెరుగుపరుచుకుందాం – 3వ పాఠం: సంచి కట్టడం, కంకి ఎంచడం

బెట్టను తట్టుకునే విత్తనాన్ని మన చేలోంచే ఎంచుకోవడం మన పని. పోయిన పాఠంలో అరెకరం మాగి (రబీ) జొన్నలో గట్ల వెంట 2 మీటర్లు వదిలి, మిగతాది 5 మీటర్ల చదరపు గళ్లుగా విడగొట్టాం. సుమారు 60 గళ్లు వచ్చి ఉంటాయి. 45 × 15 సెంటీమీటర్ల దూరంలో ఒక్కో గడిలో 370 మొక్కల దాకా పడతాయి. ఒక గడిలోని మొక్కను అదే గడిలోని మొక్కతోనే పోల్చాలి. ఈ నియమం తప్పితే చేసిన పనంతా వృథా. నల్లరేగడిలో పల్లపు మూల తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. చేనంతా తిరిగి పెద్ద కంకులు ఏరితే అన్నీ అక్కడివే చేతికొస్తాయి. అప్పుడు మనం ఎంచింది నేలను, విత్తనాన్ని కాదు.

జొన్నలో సాధారణంగా నూటికి 5 నుంచి 15 గింజలు పక్క మొక్క పుప్పొడితో కడతాయి. ఆ పుప్పొడి తగలకుండా కంకికి తొడిగేందుకే సంచులు. ఒక్కో గడిలో ఐదు కంకులకు, మొత్తం 300 క్రాఫ్ట్ కాగితం (గట్టి గోధుమరంగు కాగితం) సంచులు సిద్ధం చేసుకోండి.

కంకి పొట్టాకు (కంకిని చుట్టి ఉండే చివరి ఆకు) నుంచి పూర్తిగా బయటపడి, పూత ఇంకా మొదలవని రోజే కట్టాలి. జొన్న పూత కంకి కొసన మొదలై కిందికి దిగుతుంది. కొసన పసుపు కేసరాలు వేలాడుతుంటే ఆ భాగం వరకు కత్తెరతో కత్తిరించేసి కట్టవచ్చు. సగం దాకా పూసిన కంకిని వదిలేయండి. కట్టిన తేదీ, గడి సంఖ్య ముందే సంచి మీద పెన్సిలుతో రాయండి. పెన్ను రాత మంచుకు చెరిగిపోతుంది. సంచి మూతిని కాడ చుట్టూ మడిచి పిన్ను కొట్టండి, కాడకు గుచ్చుకోకూడదు. రెండు వారాలకు సంచి తీసి అదే కాడకు చీటీగా కట్టండి. ఇంకా ఉంచితే లోపల పేనుబంక పెరుగుతుంది, గింజకు బూజు పడుతుంది.

ఏ ఐదు కట్టాలి? రెండు పక్కలా 15 సెంటీమీటర్లలో తోటి మొక్క ఉండాలి. పక్కన ఖాళీ ఉన్న మొక్క ఇద్దరి నీళ్లు తాగి బలిసి ఉంటుంది. మొవ్వు ఈగ కొట్టి అసలు కాండం చచ్చాక, పక్క పిలక నుంచి వచ్చిన కంకి వద్దు. కంకి సగం పొట్టాకులోనే ఇరుక్కుపోయిందంటే ఆ మొక్క బెట్టకు ఓడిపోయినట్టే.

అసలు పరీక్ష గింజ ముదిరినప్పుడు. బెట్టను తట్టుకునే మొక్క అప్పటికీ ఆకులు పచ్చగా నిలుపుకుంటుంది. గింజ కింది కొసన నల్ల చుక్క కనిపించిన రోజు మొక్కకు ఎన్ని పచ్చాకులు మిగిలాయో లెక్కపెట్టి చీటీ మీద రాయండి. ఇక్కడ కన్ను రెండు విధాలా మోసపోతుంది. ఆలస్యంగా పూసిన మొక్క వయసు తక్కువ కాబట్టి పచ్చగా ఉంటుంది. అందుకే సంచి తేదీల్లో 3 రోజులకు మించి తేడా ఉన్నవాటిని పోల్చవద్దు. గింజ సరిగా కట్టని మొక్క కూడా ఆకుల్లోని సత్తువ కంకికి పంపే పని లేక పచ్చగానే నిలుస్తుంది. పచ్చాకూ నిండు కంకీ రెండూ ఉన్న మొక్కే మనకు కావాలి.

కోశాక దంటు అడుగు రెండు కణుపులు నిలువునా చీల్చి చూడండి. లోపలి బెండు పీచుగా విడిపోయి, నల్లని పొడిచుక్కలు కనిపిస్తే అది నల్ల కాండం కుళ్లు. పూత తర్వాత బెట్ట తగిలిన మొక్కల్లోనే ఇది విజృంభిస్తుంది. కంకి ఎంత ముచ్చటగా ఉన్నా తీసేయాల్సిందే.

ఇలా గడికి ఒక్కటి చొప్పున 60 కంకులు మిగులుతాయి. బాగా నచ్చిన పదింటితో ఆపేయాలని మనసు లాగుతుంది, ఆపవద్దు. రాబోయే బెట్ట ఏ దశలో వస్తుందో తెలియనప్పుడు విత్తనంలో వైవిధ్యం ఉండి తీరాలి. మంచివి ఏరడానికీ వైవిధ్యం నిలపడానికీ మధ్య ఈ సమతూకం తేలిక కాదు. అయినా ఏరిన శ్రమకు ఫలితం ఉంటుంది. నేటికీ సాగులో ఉన్న ఎం 35-1 రకం 1930ల్లో మహారాష్ట్రలోని షోలాపూర్ జిల్లా మోహోల్‌లో స్థానిక మాల్దండి జొన్న నుంచి ఏరి తీసిందే.

ప్రతి కంకినీ విడిగా ఎండబెట్టి, విడిగా నూర్చండి. మొత్తం గింజ తూకంతోపాటు వంద గింజల తూకం కూడా రాయండి. వంద గింజలు 3 గ్రాముల కన్నా బాగా తగ్గితే రొట్టె జొన్నగా అది పనికిరాదు. ఒక్కో కంకి విత్తనాన్ని రెండు పొట్లాలు చేయండి. ఒకటి వచ్చే మాగిలో కంకికో సాలుగా విత్తడానికి, రెండోది తేమ తగలని డబ్బాలో దాచడానికి. ఏ సాలు నెగ్గిందో తేలాక ఈ దాచిన పొట్లమే అవసరమవుతుంది. సాళ్ల అమరిక, మధ్యలో పోలికకు పాత విత్తనాన్ని ఎన్ని సాళ్లకు ఒకసారి వేయాలన్నది 4వ పాఠంలో.