పాలు చాలడం లేదా? ముందు లంగోటీలు లెక్కపెట్టండి

బెంగళూరు మారతహళ్లి, బెల్లందూరు అపార్ట్‌మెంట్లలో తెలుగు బాలింత ఉన్న ఇంట్లో రెండో వారానికల్లా వినపడే మాట, "పిల్లకి పాలు చాలట్లేదమ్మా." ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఆ మాట అనగానే అల్లుడు ఫోన్ తీసి డబ్బా పాలు ఆర్డర్ పెడతాడు. మా ఇంట్లోనూ అదే జరిగింది.

సమస్య: బిడ్డ గంటకోసారి ఏడుస్తోంది, రొమ్ములు మెత్తబడ్డాయి

చాలాసార్లు ఇది సమస్యే కాదు. మొదటి వారాల్లో రోజుకు 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. రొమ్ములు మెత్తబడితే పాలు ఎండినట్టు కాదు, బిడ్డ అవసరానికి ఒళ్లు సర్దుకుంటోందని. తేల్చుకోవడానికి రెండు లెక్కలు చాలు. ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం 6 సార్లు మూత్రం పోయాలి. డైపర్ రెండు మూడు తడులు ఒకేసారి పీల్చేసుకుంటుంది కాబట్టి ఒక్క రోజు పాత చీర లంగోటీలు కట్టి చూడండి. రెండోది బరువు. పుట్టిన మొదటి రోజుల్లో 7 నుంచి 10 శాతం దాకా తగ్గొచ్చు. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి, ఆపైన మూడు నెలల దాకా రోజుకు 20-30 గ్రాములు పెరగాలి. ఈ రెండూ బాగుంటే డబ్బా అక్కర్లేదు. డబ్బా పడితే బిడ్డ రొమ్ము తాగడం తగ్గుతుంది, అది తగ్గితే పాలూ తగ్గుతాయి. లేని సమస్యను నేను అలాగే కొనితెచ్చుకున్నాను.

సమస్య: బరువు నిజంగానే పెరగడం లేదు

ముందు బిడ్డ పట్టు చూడాలి. చనుమొన ఒక్కటే నోట్లోకి వెళ్తే తల్లికి నొప్పి, బిడ్డకు ఆకలి. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి. పట్టు సరిగ్గానే ఉంటే అప్పుడు తల్లి ఒంట్లో వెతకాలి: థైరాయిడ్, కాన్పులో రక్తం ఎక్కువ పోవడం, లోపల మాయ ముక్క మిగలడం, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు. ఇవి డాక్టరే తేల్చాలి. పాల సొర పులుసు, మెంతులు, వెల్లుల్లి కారం రుచికి తినండి, వాటి మీదే భారం వేయకండి.

సమస్య: తల్లికి నీరసం, బిడ్డ మందకొడిగా ఉంది

ఇక్కడే మన పథ్యాన్ని అనుమానించాలి. నెయ్యి, కారప్పొడి, తెల్లన్నం. పెరుగు వద్దు, కూరలు వద్దు, నీళ్లు గుక్కెడే. ఇంత కట్టడి చేసినా పాలు మాత్రం చాలావరకు వస్తూనే ఉంటాయి, కాల్షియం తల్లి ఎముకల్లోంచి పోతుంది. అందుకే ఏ నష్టమూ లేదనిపిస్తుంది. కానీ విటమిన్ బీ1, బీ12, అయోడిన్ తల్లి తిన్నదాన్ని బట్టే పాలల్లోకి వస్తాయి. ఉత్త పాలిష్ అన్నంతో నెట్టుకొస్తే బీ1 తగ్గి, రెండు మూడు నెలల పిల్లలకు ఆయాసం, గొంతు బొంగురు, వాంతులు మొదలవుతాయి. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. శాకాహార తల్లికి బీ12 తక్కువైతే నవ్వే బిడ్డ నవ్వడం మానేస్తుంది, చేతులు వణుకుతాయి. బిడ్డను డాక్టరుకు చూపించాలి, తల్లికీ రక్తపరీక్ష చేయించి, మాత్రలు వేయించాలి.

పప్పు, పల్లీలు, గుడ్డు, పెరుగు, ఆకుకూరలు రోజూ ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి, అంటే దాదాపు ఇంకో పూట భోజనం. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగాలి, అమ్మమ్మలు ఏమన్నా సరే. తల్లి ఎంత బాగా తిన్నా పాలల్లో విటమిన్ డీ తక్కువే కాబట్టి బిడ్డకు రోజూ 400 యూనిట్ల చుక్కలు వేయాలి.

సమస్య: బిడ్డ రాత్రంతా నిద్రపోదు

ఫిల్టర్ కాఫీ ఎన్ని కప్పులో లెక్క చూసుకోండి. మీ పాలతో పసికందు ఒంట్లోకి చేరిన కెఫీన్ పోవడానికి రోజులు పడుతుంది. రెండు చిన్న కప్పులతో ఆపితే మంచిది.

సమస్య: రొమ్ము నిండుగా ఉన్నా పాలు చేపడం లేదు

కంగారు పడితే ఆవు కూడా చేపదు, మనమెంత. టెన్షన్, నొప్పి ఉన్నప్పుడు పాలు దింపే హార్మోన్ ఆక్సిటోసిన్ సరిగ్గా పనిచేయదు. లాప్‌టాప్ ముందు కాల్ మాట్లాడుతూ పంపు పెట్టుకుంటే ఎందుకు రావడం లేదని నేను వాపోయేదాన్ని. కాల్ అయ్యాక బిడ్డను ఒంటికి ఆనించుకుంటే వచ్చేవి. మొదటి రెండు కాన్పులకు చట్టం ఇచ్చే 26 వారాల సెలవు పూర్తిగా వాడుకోండి. 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ఆఫీసులో క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) అడగడం మీ హక్కు. పిండిన పాలు మన బెంగళూరు చల్లదనంలో బయట 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి.

రెండు వారాలు దాటినా ఏడుపు, బిడ్డ మీద మనసు పోకపోవడం ఉంటే అది పాల సమస్య కాదు. బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపే ఉంచి వైద్యం చేసే విభాగం ఉంది. ఇల్లు కదల్లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.